ఇసుక గట్టు మీద శ్రీహరికోట

సూళ్లూరుపేట నుంచి తూర్పుకు పోయే రోడ్డు కాసేపటికే పులికాట్ సరస్సులోకి దిగుతుంది. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక అటు వెళితే రెండు పక్కలా కనుచూపు మేర నీళ్లే. మే నెలలో వెళితే ఉత్తరం వైపు ఎండి పగిలిన బురదనేల, దాని మీద తెల్లటి ఉప్పు పొర. సుమారు 18 కిలోమీటర్లు సాగి ఆ రోడ్డు శ్రీహరికోట చేరుతుంది. అక్కడినుంచి రాకెట్ ఎగిరే రోజున అందరి కళ్లూ ఆకాశం వైపే ఉంటాయి. దాని కింది నేల సంగతి మాట్లాడుకునేది తక్కువ. ఆ నేల ఉత్త ఇసుక.

సముద్రమే పోసిన గట్టు ఇది. చివరి మంచుయుగం ముగిశాక పెరుగుతూ వచ్చిన సముద్రమట్టం ఆరేడు వేల ఏళ్ల కిందట దాదాపు ఇప్పటి స్థాయికి చేరింది. అప్పటినుంచి అలలూ, తీరం వెంబడి సాగే ప్రవాహాలూ ఇసుకను మోసుకొచ్చి ఒడ్డుకు సమాంతరంగా దిబ్బలు పోస్తున్నాయి. నైరుతి గాలుల కాలంలో ఇసుక ఉత్తరానికి నడుస్తుంది, ఈశాన్య గాలులప్పుడు దక్షిణానికి. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఆ గట్టు వెనక చిక్కుబడిన నీరే పులికాట్, స్థానికుల ప్రళయకావేరి. కాళంగి, ఆరణి నదులు అందులో మంచినీళ్లు కలుపుతాయి. చిలికా తర్వాత దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు. పెద్దదే గానీ లోతు లేదు. చాలాచోట్ల మనిషి నడిచి దాటేయొచ్చు.

చుట్టూ ఉప్పునీరే అయినా శ్రీహరికోట ద్వీపంలో దొరువు తవ్వితే తాగే నీళ్లు పడతాయి. ఇసుకలో ఇంకిన వాననీరు సముద్రపు నీటికన్నా తేలిక. అందుకని అది అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది, ద్వీపం నడిమిలో మందంగా, అంచుల్లో పలుచగా. ఈ రెండు నీళ్ల సాంద్రతల మధ్య తేడా నూటికి రెండున్నర వంతులే. ఆ తేడాను బట్టి లెక్క కడితే, సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తున మంచినీరు నిలిచిన చోట, దాని కింద 40 మీటర్ల దాకా మంచినీరే ఉండాలి. ఇదే లెక్క తిరగేస్తే గుండె ఝల్లుమంటుంది. మోటార్లు పెట్టి తోడి పైన ఒక మీటరు తగ్గించామా, అడుగునుంచి ఉప్పునీరు నలభై మీటర్లు ఎగబాకడానికి సిద్ధంగా ఉంటుంది. ఇసుక ద్వీపాల్లో బోరు వేసేవాళ్లు మరవకూడని సంగతి ఇది.

ఆ నీటి చలవతోనే ఇక్కడ అడవి పెరిగింది. వాన ఏడాదిలో కొద్ది నెలలే పడినా ఆకు రాల్చని చెట్ల అడవి ఇది. ఈ రకం కోరమాండల్ తీరమంతటా నరికివేతకు గురై ముక్కలుగా మిగిలింది. పెద్ద ముక్క శ్రీహరికోటలో ఉంది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ జీవశాస్త్రజ్ఞులు ద్వీపమంతా తిరిగి ఇక్కడి పక్షులనూ జంతువులనూ నమోదు చేశారు. దేవాంగపిల్లి, చుక్కల దుప్పి, నక్క ఇక్కడ ఉన్నాయి. ఒకప్పుడు మనుషులు వదిలేసిన ఆవులూ ఎద్దులూ తరాలు గడిచి అడవి మందలయ్యాయి. తూర్పు తీరపు ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి.

ఈ అడవిని అందరికన్నా బాగా ఎరిగినవాళ్లు ఇక్కడి గిరిజనులైన యానాదులు. దుంపలు, తేనె, మందు వేళ్లు, సరస్సులో చేపలు వాళ్ల బతుకు. బ్రిటిష్ కాలంలో అటవీ శాఖకు వేళ్లూ తేనే సేకరించి ఇచ్చిందీ వాళ్లే. ఇక్కడి కట్టె పడవలకెక్కి బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు పొయ్యిల్లోకి చేరేది. 1806లో మద్రాసు దగ్గర మొదలైన ఆ కాలువ, 1877-78 నాటి కరువు పనులతో పొడవు పెరిగి, తీరం వెంట కృష్ణా కాలువలను అందుకుంది. నేలదారిన బండ్లు ఎక్కువయ్యాక పడవలు తగ్గాయి. 1965, 66 తుపానులు కాలువను మరీ దెబ్బతీశాయి.

1969లో రాకెట్ ప్రయోగాలకు చోటు వెతుకుతున్న శాస్త్రవేత్తల చూపు ఈ ద్వీపం మీద పడింది. జనం తక్కువ. తూర్పున అంతా సముద్రమే కాబట్టి కాలి రాలిన దశలు నీళ్లలోనే పడతాయి. 13.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర నేల భూమితోపాటు సెకనుకు సుమారు 450 మీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతుంటుంది. తూర్పుకు వదిలిన రాకెట్‌కు ఆ వేగం ఉచితంగా దక్కుతుంది. దక్షిణానికి వదలాలంటే మాత్రం శ్రీలంక అడ్డం. ధ్రువ కక్ష్యలకు పోయే రాకెట్ ముందు ఆగ్నేయానికి వెళ్లి, ఆ పైన దారి మళ్లించుకోవాలి. ఆ మలుపుకు ఇంధనం ఖర్చవుతుంది, మోసే బరువు తగ్గుతుంది. తమిళనాడులోని కులశేఖరపట్నంలో రెండో ప్రయోగ కేంద్రం కడుతున్నది అందుకే.

శ్రీహరికోటలో 1971 అక్టోబరు 9న చిన్న ఆర్‌హెచ్-125 రాకెట్‌తో ప్రయోగాలు మొదలయ్యాయి. 1980 జూలై 18న ఎస్ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. తర్వాతి కథ అందరికీ తెలిసిందే. రవాణా సంగతి మాత్రం చెప్పుకోవాలి. పీఎస్ఎల్‌వీ రాకెట్ మొదటి దశలోనే 139 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. ఎల్‌వీఎం3 పక్కన నిలిచే బూస్టర్లలో ఒక్కొక్కదానికి 200 టన్నులకు పైనే. నిప్పుకు భగ్గుమనే అంత బరువును ఊళ్ల మీదుగా తేవడం ప్రమాదం. కాబట్టి ఘన ఇంధనాన్ని కలిపి పోతపోసే కర్మాగారాన్ని ద్వీపంలోనే కట్టారు. ద్రవ ఇంధనంతో పనిచేసే దశలు తమిళనాడులోని మహేంద్రగిరి నుంచి ట్రైలర్ల మీద ఈ సరస్సు రోడ్డునే వస్తాయి. రైలు పట్టాలు సూళ్లూరుపేట దగ్గరే తమ దారిన సాగిపోతాయి.

ద్వీపాన్ని ప్రయోగ కేంద్రానికి కేటాయించాక యానాదుల్లో చాలామందిని బయటి ఊళ్లకు తరలించారు. రాకపోకల మీది ఆంక్షలు అడవిని కాపాడాయి, అడవి తెలిసిన మనుషులను దాని నుంచి విడదీశాయి. ఈ రెండింటిలో మొదటిదే చెప్పుకుని రెండోది దాటవేయడం నాకు న్యాయంగా తోచదు.

సరస్సుకు జరిగింది ఇంకోటి. రోడ్డు కోసం వేసిన మట్టికట్ట పులికాట్‌ను రెండుగా కోసింది. తూముల్లోంచి పారే నీరు చాలక ఉత్తర భాగం ఎండల్లో ఆరిపోతోంది. అటు రాయదొరువు దగ్గర సముద్రం కలిసే ముఖద్వారం ఇసుకతో పూడుకుపోతుంటుంది. దాంతో చేపపిల్లలూ రొయ్యపిల్లలూ లోపలికి రాలేవు. శీతకాలంలో వచ్చే రాజహంసలకు మోకాలి లోతు నీళ్లు కావాలి. అవి ముక్కును తలకిందులుగా ముంచి నీటిలోని నాచునూ సూక్ష్మజీవులనూ వడపోసి తింటాయి. ఆ నాచులోనూ సూక్ష్మజీవుల్లోనూ ఉండే రంగే వాటి రెక్కలకెక్కుతుంది. దగ్గరలోని నేలపట్టు పక్షుల అభయారణ్యంలో కడప చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు పిల్లలకు చేపలు తెచ్చేదీ ఈ సరస్సు నుంచే.

రోడ్డు ఉండక తప్పదు. కట్టకు అక్కడక్కడ గండి కొట్టి, వెడల్పయిన వంతెనలు వేసి నీటికి దారి ఇవ్వమన్నదే మత్స్యకారుల కోరిక. అది సబబైన కోరిక. అన్ని టన్నుల రాకెట్‌ను నిలబెట్టగల ఇంజినీర్లున్న చోట అది అసాధ్యమని నేననుకోను. ముఖద్వారం పని మాత్రం ఒకసారి తవ్వితే తీరేది కాదు. తీరం వెంబడి ఇసుక నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఏటా పూడిక చూసుకోవాలి, ఏటా దానికి డబ్బు కేటాయించాలి.