కంప్యూటరు విద్యుత్ సరఫరా పరికరం

గోడ ప్లగ్గు నుండి వచ్చే ఏకాంతర విద్యుత్తును కంప్యూటరు భాగాలకు అవసరమైన ఏకముఖ విద్యుత్తుగా మార్చే పరికరమే విద్యుత్ సరఫరా పరికరం. వాడుకలో దీనిని ఎస్‌ఎంపీఎస్ అంటారు. విడి భాగాలు కొని ఇంట్లోనే కంప్యూటరును అమర్చుకొనేవారు ప్రాసెసరు ఎంపికలో చూపే శ్రద్ధ దీని విషయంలో చూపకపోవడం కద్దు. నాసిరకం పరికరం చెడిపోయి అధిక వోల్టేజి వెలువడితే మదర్‌బోర్డు, హార్డ్ డిస్కు, అందులోని సమాచారం కూడా నష్టపోవచ్చు.

పనితీరు

భారతదేశంలో గృహాలకు 230 వోల్టులు, 50 హెర్ట్జుల విద్యుత్తు సరఫరా అవుతుంది. ఎస్‌ఎంపీఎస్ దీని నుండి ప్రధానంగా 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తును అందిస్తుంది. ఇంటెల్ సంస్థ 1995లో ప్రవేశపెట్టిన ఏటీఎక్స్ ప్రమాణాన్ని పాటించే పరికరాలు విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. నేటి కంప్యూటర్లలో ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు ముఖ్యంగా 12 వోల్టుల మార్గం నుండే విద్యుత్తును గ్రహిస్తాయి.

అవసరాన్ని లెక్కించడం

అన్ని భాగాలు గరిష్ఠంగా వాడుకొనే వాట్లను కూడి, ఆ మొత్తానికి కొంత మిగులు చేర్చుకోవాలి. ఉదాహరణకు ఇంటెల్ కోర్ ఐ5-12400 ప్రాసెసరుకు గరిష్ఠంగా 117 వాట్లు, జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డుకు 170 వాట్లు కావాలి. మదర్‌బోర్డు, మెమొరీ, డిస్కులు, ఫ్యాన్లకు కలిపి సుమారు 70 వాట్లు అనుకుంటే మొత్తం 357 వాట్లు అవుతుంది. గ్రాఫిక్స్ కార్డులు క్షణకాలం తమ పరిమితికి మించి విద్యుత్తును లాగుతాయి కనుక ఇటువంటి కంప్యూటరుకు 550 వాట్ల పరికరం తగినది.

లేబులును పరిశీలించడం

పెట్టెపై పెద్ద అక్షరాలతో ముద్రించిన వాట్ల సంఖ్య ఒక్కటే చాలదు. లేబులుపై 12 వోల్టుల మార్గానికి ఎన్ని ఆంపియర్లు ఇచ్చారో చూసి, 12తో గుణించాలి. 450 వాట్లు అని రాసి ఉన్నా ఈ మార్గంలో 20 ఆంపియర్లే ఉంటే లభించేది 240 వాట్లు మాత్రమే. పై ఉదాహరణలోని ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డులకే 287 వాట్లు కావాలి కనుక అది సరిపోదు.

దక్షత

పరికరంపై పేర్కొన్న వాట్లు అది బయటకు ఇచ్చే సామర్థ్యాన్ని సూచిస్తాయి. 80 శాతం దక్షత గల పరికరం 400 వాట్లు ఇవ్వడానికి గోడ నుండి 500 వాట్లు తీసుకుంటుంది. తక్కిన 100 వాట్లు వేడిగా మారతాయి. 2004లో మొదలైన 80 ప్లస్ ధ్రువీకరణ ఈ దక్షతను తెలుపుతుంది. అయితే ఇది తయారీ నాణ్యతకు, రక్షణ ఏర్పాట్లకు పూర్తి హామీ కాదు. అధిక వోల్టేజి, అధిక విద్యుత్ ప్రవాహం, షార్ట్ సర్క్యూట్‌ల నుండి రక్షణ ఉన్నదో లేదో విడిగా చూసుకోవాలి.

జాగ్రత్తలు

* ఎర్తింగు సక్రమంగా ఉన్న మూడు పిన్నుల సాకెట్టునే వాడాలి.
* 115/230 స్విచ్చు ఉన్న పాత పరికరాలను భారతదేశంలో 230 వద్దనే ఉంచాలి.
* ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఆవేశం నిలిచి ఉండవచ్చు. కనుక పరికరపు పెట్టెను విప్పరాదు.