అనుమానంతో సస్పెండ్ చేస్తే.. కార్మికుడి హక్కులివీ

నాగాయలంక: ఐసు ఫ్యాక్టరీలో డీజిల్ లెక్క తేలలేదు. రొయ్యల చెరువు గట్టున మేత బస్తాలు తగ్గాయి. బస్సు తనిఖీలో టికెట్ల లెక్కకు, సంచిలోని నగదుకు పొంతన కుదరలేదు. ఇటువంటి సందర్భాల్లో యాజమాన్యం తొలుత తీసుకునే చర్య, అనుమానం ఉన్న కార్మికుణ్ని సస్పెండ్ చేయడం. ఆ ఉత్తర్వు చేతికందగానే ఉద్యోగం పోయినట్లేనని కుంగిపోయి, చూపిన చోటల్లా సంతకాలు చేసేవారున్నారు. చేయని తప్పునకు రాజీనామా రాసి ఇచ్చేవారూ ఉన్నారు. నిజానికి సస్పెన్షన్ శిక్ష కాదు. విచారణ ముగిసే వరకు కార్మికుణ్ని విధులకు దూరంగా ఉంచే ఏర్పాటు మాత్రమే. యజమాని, ఉద్యోగి సంబంధం ఆ కాలంలోనూ కొనసాగుతుంది. అందుకే చట్టం కార్మికుడికి కొన్ని హక్కులు కల్పించింది. వాటిని మొదటి రోజు నుంచే వినియోగించుకోవాలి.

జీవనభృతి దయాభిక్ష కాదు

పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. ట్రేడ్ యూనియన్లు, స్టాండింగ్ ఆర్డర్లు, పారిశ్రామిక వివాదాలకు సంబంధించిన మూడు పాత చట్టాల స్థానాన్ని ఇది ఆక్రమించింది. ఈ కోడ్‌లోని 38వ సెక్షన్ ప్రకారం సస్పెండైన కార్మికుడిపై విచారణ సాధారణంగా 90 రోజుల్లో పూర్తి కావాలి. ఆ 90 రోజులకు వేతనంలో 50 శాతం జీవనభృతిగా చెల్లించాలి. కార్మికుడి వల్ల కాకుండా విచారణ ఆలస్యమైతే ఆ తర్వాతి కాలానికి 75 శాతం ఇవ్వాలి.

అయితే స్టాండింగ్ ఆర్డర్లకు చెందిన ఈ అధ్యాయం 300 మంది, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తిస్తుంది. గతంలో ఈ పరిమితి 100 మంది. పదిమందితో నడిచే ఐసు ఫ్యాక్టరీ, రైసు మిల్లు దీని పరిధిలోకి రావు. అంతమాత్రాన అక్కడి కార్మికుడికి దిక్కులేదని కాదు. ఇంపీరియల్ హోటల్ కేసులో 1959లోనే సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది. సస్పెండ్ చేసే అధికారం ఒప్పందంలో గాని, చట్టంలో గాని, నిబంధనల్లో గాని లేకుంటే ఆ కాలానికి యజమాని వేతనం చెల్లించవలసిందే. కనుక చిన్న సంస్థలో పనిచేసేవారు 'ఏ నిబంధన కింద నన్ను సస్పెండ్ చేశారు?' అని లిఖితపూర్వకంగా అడగాలి.

కోలార్ కేసు చెప్పిన పాఠం

జీవనభృతి ఇవ్వకపోతే విచారణే చెల్లకుండా పోవచ్చు. కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల్లో ఇదే జరిగింది. 1985 జూన్ 2న భారత్ గోల్డ్ మైన్స్ సెక్యూరిటీ అధికారి ఇంట్లో పోలీసులు సోదా చేశారు. 4.5 గ్రాముల బంగారు ముద్ద, 1,276 గ్రాముల బంగారు మిశ్రమ ఇసుక దొరికాయని కేసు పెట్టారు. సంస్థ ఆయనను సస్పెండ్ చేసి శాఖాపరమైన విచారణ మొదలుపెట్టింది. జీవనభృతి అందక, స్వస్థలమైన కేరళ నుంచి రావడానికి డబ్బులేక ఆయన హాజరు కాలేకపోయారు. ఆయన లేకుండానే విచారణ ముగించి 1986 జూన్ 7న డిస్మిస్ చేశారు. 1987 ఫిబ్రవరి 3న క్రిమినల్ కోర్టు ఆయనను నిర్దోషిగా విడుదల చేసింది. చివరకు 1999 మార్చి 30న సుప్రీంకోర్టు డిస్మిసల్‌ను రద్దు చేసి, బకాయిలతో సహా ఉద్యోగంలోకి తీసుకోవాలని ఆదేశించింది. న్యాయం దక్కింది గాని అందుకు దాదాపు 14 ఏళ్లు పట్టింది.

కోర్టులో గెలిచినా చాలదు

క్రిమినల్ కేసు కొట్టివేస్తే ఉద్యోగం దానంతటదే తిరిగి వస్తుందన్నది అపోహ. కోర్టులో నేరం సందేహాతీతంగా రుజువు కావాలి. శాఖాపరమైన విచారణకు అంత సాక్ష్యం అక్కరలేదు. నమ్మదగిన కొంత ఆధారం ఉంటే చాలని హర్యానాలో ఒక బస్సు కండక్టరు కేసులో 1977లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కోలార్ కేసులో రెండు విచారణలకూ ఒకే సోదా, ఒకే సాక్ష్యం ఆధారం కావడం వల్లనే నిర్దోషి తీర్పు అక్కరకొచ్చింది.

దొంగతనం రుజువైతే 'విలువ స్వల్పం' అన్న వాదన నిలవడం కష్టం. సంస్థ ఆస్తి దొంగిలించాడన్న ఆరోపణపై తొలగించిన మన ఆర్టీసీ డిపో కార్మికుణ్ని తిరిగి తీసుకోవాలని కింది స్థాయిలో వచ్చిన ఆదేశాన్ని 2006 నవంబరులో సుప్రీంకోర్టు పక్కన పెట్టింది. యజమానికి నమ్మకం పోయిన చోట ఉద్యోగిని కొనసాగించమనలేమన్నది ఆ తీర్పు సారాంశం. గ్రాట్యుటీకీ ముప్పే. విధి నిర్వహణలో నైతిక పతనంతో కూడిన నేరం చేశాడని తేలితే, క్రిమినల్ కోర్టులో శిక్ష పడకున్నా గ్రాట్యుటీని జప్తు చేయవచ్చని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కనుక శాఖాపరమైన విచారణనే అసలు పోరాటంగా భావించాలి.

యూనియన్ తోడు ఎంతవరకు?

విచారణలో తాను సభ్యుడిగా ఉన్న యూనియన్ నాయకుడి సహాయం తీసుకునే వీలును నమూనా స్టాండింగ్ ఆర్డర్లు కల్పించాయి. న్యాయవాదిని పెట్టుకునే హక్కు మాత్రం అందరికీ ఉండదు. అది సంస్థ నిబంధనలపై ఆధారపడి ఉంటుందని 1993లో సుప్రీంకోర్టు పేర్కొంది.

అమెరికాలో ఈ రక్షణ మరింత ముందుగా, ప్రాథమిక ప్రశ్నల దశలోనే మొదలవుతుంది. హ్యూస్టన్‌లోని వైన్‌గార్టెన్ దుకాణంలో 2.98 డాలర్ల కోడిమాంసం తీసుకుని ఒక డాలరే చెల్లించిందని ఒక ఉద్యోగినిని ప్రశ్నించారు. యూనియన్ ప్రతినిధిని పిలవమని ఆమె కోరినా అంగీకరించలేదు. శిక్షకు దారితీయగల ప్రశ్నోత్తరాల్లో ప్రతినిధిని కోరే హక్కు యూనియన్ కార్మికులకు ఉందని 1975లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మన దగ్గర ప్రాథమిక దశలో అటువంటి స్పష్టమైన హక్కు లేదు. అందువల్ల ఆ దశలో సంతకాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

ఆర్టీసీ సిబ్బంది సంగతి

అవనిగడ్డ డిపో సహా ఆర్టీసీ ఉద్యోగులు 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. ప్రభుత్వ ఉద్యోగుల సస్పెన్షన్‌పై 2015 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పరిమితి విధించింది. మూడు నెలల్లో అభియోగ పత్రం ఇవ్వకుంటే సస్పెన్షన్ కొనసాగరాదు. ఇచ్చినట్లయితే పొడిగింపునకు కారణాలు చూపాలి.

ఏం చేయాలి?

* సస్పెన్షన్ ఉత్తర్వు ప్రతిని తీసుకుని, అందిన తేదీ రాసుకోవాలి.
* ఖాళీ కాగితంపై గాని, చదవని వాంగ్మూలంపై గాని సంతకం చేయరాదు. ఒత్తిడికి లోనై రాజీనామా ఇవ్వరాదు.
* అభియోగ పత్రానికి గడువులోగా లిఖితపూర్వకంగా జవాబివ్వాలి. స్టాక్ రిజిస్టరు, తనిఖీ నివేదిక వంటి పత్రాల ప్రతులు కోరాలి.
* జీవనభృతి ఆగితే వెంటనే రాతపూర్వకంగా అడిగి, రసీదు దాచుకోవాలి.
* ప్రతి విచారణకు హాజరు కావాలి. సాక్షులను ప్రశ్నించాలి, తన సాక్షులను చూపాలి.

తొలగిస్తే యూనియన్ ముందుకు రాకున్నా కార్మికుడు స్వయంగా కార్మిక శాఖ కన్సిలియేషన్ అధికారిని ఆశ్రయించవచ్చు. వివాదం తలెత్తిన రెండేళ్లలోపే ఆ పని చేయాలి. అక్కడ రాజీ కుదరకుంటే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా 1987 నాటి న్యాయ సేవల చట్టం ఉచిత న్యాయ సహాయం కల్పించింది. ఇందుకోసం మచిలీపట్నంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించవచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేసినా సలహా లభిస్తుంది.