కదిలే దీపాలంకరణ: పరిమాణం, సాఫ్ట్‌వేర్ పరిమితులు

ముందు పాఠంలో ఒక ఎల్.ఇ.డి. ఎలా వెలుగుతుందో తెలుసుకున్నారు. వందల, వేల ఎల్.ఇ.డి.లను ఒకే బొమ్మగా కదిలించాలంటే వేసుకోవలసిన లెక్కలను ఈ పాఠంలో చూద్దాం. అమెరికాలో క్రిస్మస్‌కు ఇంటి ముందు పాటకు తగ్గట్టు దీపాలను ఆడించేవారికీ, మన ఊళ్ళో వినాయక చవితి పందిరికి పిక్సెల్ బోర్డు కట్టేవారికీ ఈ లెక్కలు ఒకటే. దుకాణానికి వెళ్ళక ముందే ఇవి కాగితం మీద తేలాలి. వెళ్ళి వచ్చాక వేసిన లెక్క ఎప్పుడూ కొన్న సరుకునే సమర్థిస్తుంది.

ఎన్ని చుక్కలు?

బోర్డు మీద చూపదలచిన అతి చిన్న వివరం ఏమిటో మొదట నిర్ణయించండి. ఆంగ్లంలో పెద్దక్షరం ఏడు వరుసల చుక్కల్లో ఒదుగుతుంది. తెలుగుకు అది చాలదు. 'శ్రీ' అన్న ఒక్క అక్షరానికే పైన గుడిదీర్ఘం, కింద క్రావడి రెండూ కావాలి. పదహారు వరుసలకు తగ్గితే గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియదని నా అనుభవం.

పది అడుగుల వెడల్పు, ఐదు అడుగుల ఎత్తు గల బోర్డును ఉదాహరణగా తీసుకుందాం. రెండు అంగుళాలకు ఒక పిక్సెల్ చొప్పున 60 నిలువు వరుసలు, 30 అడ్డు వరుసలు, మొత్తం 1,800 పిక్సెళ్ళు. ఎడాన్ని ఒక అంగుళానికి తగ్గిస్తే 3,600 అవుతాయని చాలామంది విద్యార్థులు రాస్తారు. కాదు, 7,200. ఎడం సగమైతే సంఖ్య నాలుగింతలు. ఖర్చు, కరెంటు, ఫైలు పరిమాణం కూడా దానితోపాటే పెరుగుతాయి.

ప్రతి పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఉంటాయి కాబట్టి మూడు ఛానెళ్ళు. మన బోర్డుకు 5,400. రంగస్థల దీపాల కోసం పుట్టిన డి.ఎం.ఎక్స్. పద్ధతిలో 512 ఛానెళ్ళ కట్టను 'యూనివర్స్' అంటారు. ఒక కట్టలో 170 పూర్తి పిక్సెళ్ళు పడతాయి, రెండు ఛానెళ్ళు మిగులుతాయి. వాటిని సాధారణంగా ఖాళీగానే వదిలేస్తారు. 1,800ను 170తో భాగిస్తే పదిన్నర పైచిలుకు. అంటే 11 యూనివర్స్‌లు.

కాలం లెక్క

అసలు పరిమితి ఇక్కడ ఉంది. బజారులో దొరికే డబ్ల్యు.ఎస్. 2811 రకం పిక్సెళ్ళు సమాచారాన్ని ఒకే తీగపై ఒకదాని వెనుక ఒకటిగా అందుకుంటాయి. ఒక్కో పిక్సెల్‌కు 24 బిట్లు, ఒక్కో బిట్‌కు 1.25 మైక్రోసెకండ్లు. అంటే పిక్సెల్‌కు 30 మైక్రోసెకండ్లు. ఎంత ఖరీదైన కంప్యూటర్ పెట్టినా ఇది మారదు. సెకనుకు 40 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు 25 మిల్లీసెకండ్లే వ్యవధి. ఆ వ్యవధిలో ఒక తీగపై సుమారు 800 పిక్సెళ్ళకే సమాచారం అందుతుంది.

మా కాలనీ పందిరిలో ఒక ఏడాది సరిగ్గా ఇంత బోర్డే కట్టారు. కంట్రోలర్ మీద 2,048 పిక్సెళ్ళ వరకు అని రాసి ఉండటంతో 1,800నూ ఒకే తీగకు తగిలించారు. ఫైలును మాత్రం 40 ఫ్రేములకు తయారుచేశారు. మూడు నిమిషాల పాట అయిపోయింది, బోర్డు మీది మూషికం సగం దారి కూడా దాటలేదు. కుర్రాళ్ళు సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుంటూ రెండు రాత్రులు కంప్యూటర్లు మార్చారు. 1,800ను 30తో గుణిస్తే 54 మిల్లీసెకండ్లు, అంటే సెకనుకు 18 ఫ్రేములే. ఏళ్ళ తరబడి ఈ పాఠం చెప్పిన నాకు కూడా ఆ గుణకారం మూడో రోజుకు గాని తట్టలేదు. మూడు తీగలుగా విడదీసి ఉంటే తీగకు 600 పిక్సెళ్ళు, 18 మిల్లీసెకండ్లతో సరిపోయేది. మూడు అవుట్‌పుట్లున్న కంట్రోలర్ అప్పటికప్పుడు దొరకలేదు. ఫైలునే 15 ఫ్రేములకు మార్చి గట్టెక్కారు.

ఇక సాఫ్ట్‌వేర్. కొన్ని ప్రోగ్రాములు లైసెన్సు ధరను బట్టి ఛానెళ్ళకు హద్దు పెడతాయి, కొనే ముందు అడగండి. ఎక్స్‌లైట్స్ ఉచితం. ఛానెల్‌కు ఒక బైటు చొప్పున, మూడు నిమిషాల పాటకు 40 ఫ్రేములతో కుదించని ఫైలు 5,400 × 40 × 180, అంటే సుమారు 39 మెగాబైట్లు. దీనికి భయపడనక్కరలేదు.

భయపడవలసింది కరెంటుకు. 5 వోల్టుల పిక్సెల్ పూర్తి తెలుపులో 60 మిల్లీ ఆంపియర్ల వరకు తీసుకోవచ్చు. 1,800 పిక్సెళ్ళకు 108 ఆంపియర్లు, 540 వాట్లు. 300 వాట్ల సప్లైని 80 శాతానికి మించి వాడకూడదనుకుంటే మూడు కావాలి. వెలుతురును సాఫ్ట్‌వేర్‌లో 30 శాతానికి తగ్గించాం కదా, ఒక్క సప్లై చాలదా అని అడుగుతారు. కంట్రోలర్ మీది పరీక్ష బటన్‌కు మీ సాఫ్ట్‌వేర్ సంగతి తెలియకపోవచ్చు. నొక్కగానే అన్నీ పూర్తి తెలుపులో వెలిగే ప్రమాదం ఉంది. సప్లైని, తీగల మందాన్ని, ఫ్యూజులను పూర్తి తెలుపుకే లెక్కించండి. వరుస చివర తెలుపు ఎర్రబారితే అక్కడికి వోల్టేజి చాలడం లేదని అర్థం. నీలం, ఆకుపచ్చలకు ఎరుపు కంటే ఎక్కువ వోల్టేజి కావాలి. ఆ చివర కూడా సప్లై నుంచి విడిగా తీగ ఇవ్వాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

8 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు గల బోర్డుకు రెండు అంగుళాల ఎడంతో పిక్సెళ్ళు అమర్చారు. ఎన్ని యూనివర్స్‌లు కావాలి? సెకనుకు 25 ఫ్రేములకు ఒకే తీగ చాలుతుందా? 40కి?

జవాబు: 1,152 పిక్సెళ్ళు, 7 యూనివర్స్‌లు. ఒక ఫ్రేముకు 34.56 మిల్లీసెకండ్లు పడుతుంది. కాబట్టి 25 ఫ్రేములకు ఒక తీగ చాలు, 40కి రెండు కావాలి.