బడిపిల్లల వర్తకము – ఇంటి పద్దు

వర్తకమనగానే మన యిండ్లలో రెండు తలంపులు పుట్టుచుండును. అది పుట్టుకతో అబ్బునదే గాని బడిలో నేర్పదగినది కాదని యొకటి. చదువుకొనిన బిడ్డ ఉద్యోగము చేయవలయును గాని తక్కెడ పట్టరాదని మఱియొకటి. ఈ రెండును మన పెద్దల మతములు కావు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున విద్యలు నాలుగని చెప్పి, ఆన్వీక్షికి, త్రయి, దండనీతులతోపాటు వార్తను గూడ నొక విద్యగా నెన్నెను. కృషి, పశుపాలనము, వాణిజ్యము – ఈ మూడును గలిసినదే వార్త. గణితమును తెనుగు పద్యములలో జెప్పిన పావులూరి మల్లన నాటినుండియు లెక్కయు మన సాహిత్యమునకు పరాయిది కాదు.

ఆ వార్తావిద్య యిప్పుడు మరల ఉన్నత పాఠశాలలలో నడుగుపెట్టుచున్నది. మన రాష్ట్రమున ప్రభుత్వ పాఠశాలలలోని తొమ్మిదవ తరగతి పిల్లల కొఱకు ‘ఎంట్రప్రెన్యూరియల్ మైండ్‌సెట్ డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్’ అను కార్యక్రమము వచ్చినది. పేరు పెద్దదే గాని భావము సులభము: తానై యొక పని తలపెట్టి, నలుగురితో గలిసి కడదాక నడుపు బుద్ధిని బిడ్డలకు అలవఱచుట. ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలలలో 2019లో ఇట్టి పాఠ్యక్రమము మొదలైనది. అచ్చట 2021లో పదునొకండు, పండ్రెండు తరగతుల విద్యార్థులకు తలకు 2,000 రూపాయలు మూలధనముగా నిచ్చి, జట్లుగా చిన్న వ్యాపారములు నడిపింపజేసిరి.

చేయుచు నేర్చుకొను నీ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. అమెరికాలో కిల్పాట్రిక్ అను విద్యావేత్త 1918లోనే ప్రాజెక్టు పద్ధతిని గూర్చి వ్రాసెను. మన దేశమున 1937లో వార్ధాలో జరిగిన విద్యాసభలో గాంధీమహాత్ముడు చేతిపని చుట్టును చదువు నల్లవలెనని చెప్పెను. ఆ విద్యకు ప్రణాళిక వ్రాసిన జాకీర్ హుస్సేన్ సంఘమువారు అప్పుడే యొక హెచ్చరిక చేసిరి: పిల్లల పనివలన వచ్చు రాబడిమీద దృష్టి మితిమీఱినచో చదువు అడుగంటునని. ఆ మాటను తల్లులమగు మనము జ్ఞాపకముంచుకొనవలయును.

వార్తావిద్యకు మా పలాస, టెక్కలి, ఉద్దానము ప్రాంతముకంటె మంచి పాఠశాల యెక్కడ దొరకును? ఒక్క జీడిపిక్కనే తీసికొనుడు. ఉద్దానపు రైతు పిక్కలను 80 కిలోల బస్తా లెక్కన అమ్మును. పలాస కర్మాగారములలో వానిని ఎండబెట్టి, ఆవిరిపట్టి, పెంకు కోసి, పప్పును వేడి గదిలో ఆరబెట్టి, పొర తీసి, రకములుగా నేఱుదురు. బస్తాలో సుమారు నాలుగవ వంతు మాత్రమే పప్పగును. 320 రకము అనగా పౌనుకు ఇంచుమించు 320 గుండ్లు తూగు పప్పు. 240 రకము అంతకంటె పెద్దది గనుక వెల యెక్కువ. గుండు విఱిగి బద్దయైనచో రుచి మాఱకున్నను ధర తగ్గును. శాతము, సగటు, తరుగు, లాభము – గణితపుస్తకములోని అధ్యాయము లన్నియు ఆ యొక్క బస్తాలో గలవు. అట్లే ఉద్దానమున లేత బొండము, ముదురుకాయ, కురిడి, పీచు – ఒక్క చెట్టు ఫలమునకు నాలుగు బేరములు. టెక్కలి ప్రాంతపు నీలి గ్రానైటు దిమ్మెగా పోయినచో నేమి వచ్చును, పలకగా గోసి మెఱుగుపెట్టినచో నేమి వచ్చును అని పిల్లలు అడిగి తెలిసికొనిన జాలును. ముడిసరకునకును తయారుసరకునకును గల భేదము ఉపన్యాసము లేకయే మనసున నాటును.

అయితే యిట్టి ప్రాజెక్టులలో నొక పెద్ద లోపము మాకు కానవచ్చుచున్నది. అది పద్దులో నున్నది. మా యింటివారు ఉపాధ్యాయులగుటచే పిల్లలు తమ లెక్కల పుస్తకములను మా యింటికి దెచ్చుట కలదు. ఒకసారి కొందఱు బాలికలు కొబ్బరి లౌజు చేసి యమ్మిన పద్దు చూపిరి. నూఱు ఉండలు, ఉండ 5 రూపాయల చొప్పున 500 రూపాయలు వచ్చినవి. బెల్లము 120, ఏలకులు 20, కాగితపు పొట్లములు 20 – వెరసి ఖర్చు 160. లాభము 340 రూపాయలని యెఱ్ఱసిరాతో వ్రాసికొనిరి. ‘కొబ్బరికాయల వెల యేది?’ యని యడుగగా, ‘అవి మా పెరటివి’ అనిరి. ‘కోరినవారెవరు? పాకము పట్టినవారెవరు?’ అనగా, ‘మా అమ్మ’ అనిరి. వెంట వచ్చిన యా తల్లి నవ్వి, ‘ఏటమ్మగారూ, పెరట్లో కాయకి దరేటి, నా సేతి పనికి కూలేటి!’ అన్నది.

ఆమె జీడి కర్మాగారమున పొర తీయు పనికి పోవునట్టి స్త్రీ. అచ్చట ఆమె తీసిన పప్పును తూచి, కిలో లెక్కన కూలి కట్టి, యజమాని తన పద్దులో వ్రాసికొనును. ఆ కూలిని వ్రాయకున్న అతని లెక్క తప్పగును. అవే చేతులు ఇంట కొబ్బరి కోరినపుడు మాత్రము లెక్కకు రాకపోవుట యేమి న్యాయము?

పిల్లలచేత పద్దు మరల వ్రాయించితిమి. పది కాయలు, కాయ 20 చొప్పున 200, వంటచెఱకు 40, తల్లి నాలుగు గంటల పనికి గంటకు 40 చొప్పున 160. ఇవి 400. మునుపటి 160తో గలిపిన 560. వచ్చినది 500 గనుక 60 రూపాయల నష్టము! పిల్లల మొగములు చిన్నబోయినవి. కాని నిజమైన పాఠము అచ్చటనే మొదలైనది. ఉండ 6 రూపాయలు చేసినచో 600 వచ్చి 40 మిగులును; కాని యా ధరకు కొనువారుందురా? ఉండ చిన్నది చేయుదమా? చేసినచో కొనువానికి జెప్పవలదా? పీచును పారవేయక యమ్ముదమా? ఇట్టి ప్రశ్నలు వేసికొనుటయే వర్తకవిద్య. తల్లి శ్రమను దాచి చూపిన లాభము లాభము కాదు. అది తల్లి యిచ్చిన దానము. దానము గొప్పదే, కాని దానిని లాభమని నమ్మి రేపు అప్పుచేసి అంగడి పెట్టినవాడు మునిగిపోవును.

ఈ పద్దులోనే మఱియొక సంగతి యున్నది. జట్టులో ఆడుపిల్లలును మగపిల్లలును గలిసినపుడు గరిటె యామె చేతికిని, డబ్బుపెట్టె వాని చేతికిని తమంత తామే చేరుచుండును. ఇది యెవరును విధించినది కాదు, ఇంట జూచినదే బడిలో చేయుదురు. కనుక వంతులు పెట్టవలయును. ఈ వారము పాకము పట్టినవారు వచ్చు వారము బేరమాడవలెను. బేరమాడినవారు గిన్నెలు తోమవలెను. పద్దు అందఱును వ్రాయవలెను. మన పొదుపు సంఘముల పుస్తకములను ఏండ్లతరబడి స్త్రీలే నడుపుచుండగా, మన కూతుండ్రకు డబ్బు లెక్క తెలియదనుట కేవలము అపవాదు.

ఇక జాకీర్ హుస్సేన్ సంఘమువారి హెచ్చరిక. వ్యాపారము నేర్పుట వేఱు, పిల్లవానిని పనిలో బెట్టుట వేఱు. జీడిపెంకులోని నూనె చర్మమును కాల్చును. పెంకు కోయువారి చేతులు చూచిన తల్లులకు వేఱుగ జెప్పనక్కఱలేదు. 1986 నాటి బాలకార్మిక చట్టపు పట్టికలో తరువాత జీడిపిక్కల పనిని గూడ పిల్లలకు అపాయకరమైన పనులలో జేర్చిరి. 2016 సవరణము పదునాలుగేండ్లలోపు పిల్లలను కూలిపనులలో బెట్టుటను నిషేధించినది. కావున కర్మాగారమునకు పిల్లలు పోవలసినది చూచుటకును, అడుగుటకును, వ్రాసికొనుటకును మాత్రమే. ప్రాజెక్టు పేర బడి మానిపించుటయు, అమ్మకము తగ్గినదని మార్కులు తగ్గించుటయు గూడ తగవు. నష్టమును దాచక వ్రాసిన జట్టునకే ఎక్కువ మార్కు లీయవలయును.

నష్టమన్నపుడు ఉద్దానమువారికి తుఫాను జ్ఞప్తికి రాక మానదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస చేరువ తీరము దాటినపుడు కొబ్బరిచెట్లును జీడితోటలును వేలకువేలు నేలగూలినవి. కొబ్బరిమొక్క నాటిన తరువాత కాపునకు వచ్చుటకు కొన్నేండ్లు పట్టును. ఆ యేండ్లలో కుటుంబము దేనితో గడచును? ఈ ప్రశ్న లేని వర్తకపాఠము మా తీరమున అసంపూర్ణము. లాభములో కొంత భాగము ఆపద్ధనముగా వేఱుంచుట, ఒక్క పంటనే నమ్ముకొనకుండుట, భీమా యన నేమో తెలియుట – వీనిని చిన్న పద్దులోనే యలవాటు చేసినచో పెద్ద పద్దులో మఱచిపోరు.

సోదరీమణులారా! మన బిడ్డలందఱును వర్తకులు గానక్కఱలేదు. వైద్యులగుదురు, ఉపాధ్యాయులగుదురు, పనికై దూరదేశములకు పోవువారును గలరు. కాని యెవరు ఏ పని చేసినను, సొమ్ము ఎచ్చటనుండి వచ్చినది, ఎవరి శ్రమవలన వచ్చినది అని యడుగ నేర్చినవారు మోసపోరు, మోసగింపరు. మీ బిడ్డ బడినుండి ప్రాజెక్టని చెప్పి బెల్లము, కొబ్బరి అడిగినపుడు కాదనకుడు. సంతోషముగా నిండు. ఇచ్చుచు ఒక్క మాట చెప్పుడు: ‘కాయకు వెల కట్టుము, నా గంటలను వ్రాయుము, ఆ పిదప లాభమెంతో నాకు చూపుము.’ ఆ పుస్తకమున మొదటిసారి మన పేరు ఖర్చు వరుసలో నెక్కిననాడు, మన పనికి గల విలువ మన బిడ్డలకు తెలిసిననాడగును.