పొట్టు తీయని నువ్వులతో చిమ్మిలి

రజస్వలలైన బాలికలకు చిమ్మిలి పెట్టుట మన ఇండ్లలో పూర్వాచారము. నువ్వులు వాతహరములనియు, బలకరములనియు ఆయుర్వేదము చెప్పుచున్నది. ఎదిగే పిల్లలకు బిస్కెట్లకన్న ఇది మేలైన చిరుతిండి.

తయారుచేయు విధానము: పొట్టు తీయని నువ్వులు 200 గ్రాములు సన్నని సెగపై చిటపటలాడువరకు వేయించి చల్లార్చవలెను. బెల్లపు తురుము 150 గ్రాములు, రెండు ఏలకులు చేర్చి దంచవలెను. నూనె ఊరగానే ఉండలు కట్టవలెను. పాకముతో పనిలేదు.

నువ్వులలోని కాల్షియం అధికభాగము పొట్టులోనే ఉండును; కనుక పొట్టు తీసిన తెల్ల నువ్వులు వాడరాదు. ఇనుము ఒంటబట్టుటకు వెంట జామపండు తినిపించండి. టీ మాత్రము ఇవ్వకండి. రోజుకొక చిన్న ఉండ చాలును.

బెల్లమూ చక్కెర వంటిదే. మధుమేహరోగులు దీనిని మానవలెను. నువ్వులు పడనివారు ముట్టరాదు. పాలిపోయి, త్వరగా అలసిపోవు బాలికను చిమ్మిలితో సరిపెట్టక వైద్యునికి చూపి, రక్తపరీక్ష చేయించండి.