నేల తోస్తేనే పరుగు

2022 ఏప్రిల్ నెలలో కేరళలోని కోళిక్కోడ్‌లో ఫెడరేషన్ కప్ పోటీలు జరిగాయి. విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజి అక్కడ 100 మీటర్ల హర్డిల్స్ పరుగును 13.09 సెకండ్లలో ముగించింది. అప్పటికి జాతీయ రికార్డు 13.38 సెకండ్లు, 2002లో అనూరాధా బిస్వాల్ నెలకొల్పినది. ఇరవై ఏళ్ళుగా నిలిచిన రికార్డును జ్యోతి సెకండులో నాలుగోవంతుకు పైగా దాటిపోయింది. అయినా ఆ పరుగు రికార్డుగా నమోదు కాలేదు. ఆ సమయాన వెనుకనుండి వీచిన గాలి వేగం సెకండుకు 2.1 మీటర్లు. నిబంధన అనుమతించేది 2.0 మీటర్లు మాత్రమే.

ఇంత చిన్న గాలికి అంత పట్టింపు ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు దొరకాలంటే పరుగెత్తే మనిషిమీద పనిచేసే బలాలేవో ముందు చూడాలి.

పరుగెత్తేవాణ్ణి ముందుకు తోసేది ఏది అని తరగతిలో అడిగితే, పిల్లలు సాధారణంగా 'కాళ్ళు' అంటారు. ఈ జవాబు సగమే నిజం. కాళ్ళలోని కండరాల బలం శరీరానికి అంతర్గత బలం. ఒక వస్తువుయొక్క ద్రవ్యరాశి కేంద్రాన్ని కదల్చడానికి అంతర్గత బలాలు చాలవు. తన జుట్టు తానే పట్టుకొని లాగితే ఎవడూ నేలనుండి పైకి లేవలేడు గదా! బయటినుండి ఒక బలం రావాలి. ఆ బలాన్నిచ్చేది నేల. పాదం నేలను వెనుకకు తోస్తుంది. నేల పాదాన్ని అంతే బలంతో ముందుకు తోస్తుంది. న్యూటన్ 1687లో ప్రకటించిన మూడవ సూత్రం ఇదే. ఆ తోపుకు భూమి కూడా వెనుకకు కదలవలసిందే గాని, దాని ద్రవ్యరాశి అపారమైనది కనుక ఆ కదలిక కొలతకు అందదు.

నేల ఇచ్చే ఈ తోపు ఘర్షణ వలన వస్తుంది. వానకు నానిన రేగడిమీద పరుగెత్తబోయి జారిపడినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. పరుగుపందెగాళ్ళ బూట్ల అడుగున మేకులుండేది ఇందుకే. ప్రారంభంలో ఆనుకొనే దిమ్మలు కూడా ఇందుకే. అవి రాకముందు పోటీదారులు చిన్న తాపీతో నేలలో గుంటలు తవ్వుకొని, వాటిలో కాలివేళ్ళు ఆనించి బయలుదేరేవారు. 1929లో అమెరికా పరుగువీరుడు జార్జి సింప్సన్ దిమ్మల సాయంతో 100 గజాల దూరాన్ని 9.4 సెకండ్లలో పరుగెత్తితే, దిమ్మలు వాడాడన్న కారణంతో దాన్ని రికార్డుగా ఒప్పుకోలేదు. ఒలింపిక్స్‌లో దిమ్మలకు మొదట చోటు దొరికింది 1948 లండన్ పోటీలలో. దిమ్మ చేసే మేలు సులభంగానే తెలుస్తుంది: చదునుగా ఉన్న నేలకు బదులు, వెనుక నిలబడిన ఒక గోడవంటిది పాదానికి దొరుకుతుంది. ఆ గోడను తన్నితే బలంలో ఎక్కువ పాలు ముందుకే పనిచేస్తుంది.

ఇక ఒక నిజమైన పరుగును తీసుకొని లెక్క వేసి చూద్దాం. 2009 ఆగస్టులో బెర్లిన్ ప్రపంచ పోటీలలో జమైకాకు చెందిన ఉసేన్ బోల్ట్ 100 మీటర్లను 9.58 సెకండ్లలో పరుగెత్తాడు. మొదటి 10 మీటర్లకు 1.89 సెకండ్లు పట్టింది. తరువాత ప్రతి 10 మీటర్లకు పట్టిన కాలం వరుసగా 0.99, 0.90, 0.86, 0.83, 0.82, 0.81, 0.82, 0.83, 0.83 సెకండ్లు. తుపాకి చప్పుడు విని కదలడానికి 0.146 సెకండు గడిచింది. దాన్ని తీసివేస్తే మొదటి 10 మీటర్లు పరుగెత్తిన కాలం 1.744 సెకండ్లు.

ఇక్కడ విద్యార్థులు సాధారణంగా సమ త్వరణ సూత్రాన్ని ప్రయోగిస్తారు. నిశ్చల స్థితినుండి బయలుదేరినందువలన, దూరాన్ని రెండింతలు చేసి కాలవర్గంతో భాగిస్తే త్వరణం సెకండు వర్గానికి 6.58 మీటర్లు వస్తుంది. బాగానే ఉన్నది. కాని అదే సూత్రం ప్రకారం 10 మీటర్ల గుర్తువద్ద వేగం సెకండుకు 11.5 మీటర్లు ఉండాలి. అలా అయితే ఆ తరువాతి 10 మీటర్లకు 0.87 సెకండుకు మించి పట్టకూడదు. పట్టింది 0.99. అనగా సమ త్వరణమనే ఊహే తప్పు. మొదటి రెండు మూడు అంగలలో త్వరణం చాలా ఎక్కువగా ఉండి, అక్కడినుండి అంగ అంగకూ తగ్గిపోతుంది. పాఠ్యపుస్తకంలోని సూత్రం ఎక్కడ చెల్లదో చూపడానికి దీనికన్న మంచి లెక్క దొరకడం కష్టం.

త్వరణం తగ్గడానికి కారణాలు రెండు. బలాన్ని అది పనిచేసిన కాలంతో గుణిస్తే ప్రచోదనం వస్తుంది. ద్రవ్యవేగంలో మార్పు దానికి సమానం. మొదటి అంగలలో పాదం దాదాపు 0.2 సెకండు నేలను అంటి ఉంటుంది. గరిష్ఠ వేగం వచ్చేసరికి అది 0.09 సెకండుకు పడిపోతుంది. తోయడానికి వ్యవధే లేదన్నమాట. రెండవ కారణం కండరంలో ఉన్నది. కండరం ఎంత త్వరగా కుదించుకొంటే అది ఇవ్వగల బలం అంత తగ్గుతుందని ఆర్చిబాల్డ్ హిల్ అనే ఆంగ్ల శరీర ధర్మ శాస్త్రజ్ఞుడు 1938లో చూపాడు. అంతకు ముందే, 1920ల్లో, ఆయన పరుగెత్తేవారి ఒంటికి అయస్కాంతం కట్టి, బాట పక్కన తీగచుట్టలు వరుసగా అమర్చి, ఒక్కొక్క చుట్టలో పుట్టే విద్యుత్తునుబట్టి వారి వేగాన్ని కనుగొన్నాడు. పాఠశాలలో చెప్పే విద్యుదయస్కాంత ప్రేరణ పరుగు బాటకు అలా ఉపకరించింది.

పై అంకెలలో మరొక వింత ఉన్నది. బోల్ట్ అత్యధిక వేగం 60, 70 మీటర్ల గుర్తుల నడుమ కనబడుతుంది: సెకండుకు 12.3 మీటర్లకు పైగా, అనగా గంటకు 44 కిలోమీటర్లు. అక్కడినుండి అతని వేగం తగ్గింది! చివరిలో విజేత ముందుకు దూసుకుపోయాడని ప్రేక్షకులు అంటుంటారు గాని, నిజానికి మిగిలినవారు అతనికన్న త్వరగా మందగిస్తారు.

గరిష్ఠ వేగంవద్ద బలమంతా ముందుకు తోయడానికే ఖర్చవుతుందనుకోవడం పొరపాటు. అక్కడ అసలు శ్రమ నిట్టనిలువు దిశలో ఉన్నది. ఒక అంగకు 0.22 సెకండు పడుతుందనుకొందాం; అందులో పాదం నేలమీద ఉండేది 0.09 సెకండే. గురుత్వాకర్షణ మాత్రం 0.22 సెకండూ క్రిందికి లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడుకు సరితూగే ప్రచోదనాన్ని 0.09 సెకండులోనే నేలనుండి రాబట్టాలి. కనుక నేల ఇచ్చే సగటు బలం శరీరపు బరువుకు 0.22 ను 0.09తో భాగించినన్ని రెట్లు, దాదాపు 2.4 రెట్లు ఉండాలి. 60 కిలోల మనిషి ఆ విధంగా పరుగెత్తితే ఒంటికాలిమీద సుమారు 146 కిలోల బరువు మోసినట్లు. రెండు ధాన్యపు బస్తాలన్నమాట. ఇది సగటే, గరిష్ఠ బలం ఇంకా పెద్దది. వేగంగా పరుగెత్తేవారికీ నెమ్మదిగా పరుగెత్తేవారికీ తేడా కాలిని గాలిలో చురుకుగా ఆడించడంలో లేదనీ, నేలను గట్టిగా తాకడంలో ఉన్నదనీ పీటర్ వేయాండ్, ఆయన సహచరులు 2000లో ప్రకటించిన పరిశోధన కూడా తెలిపింది. 'కాళ్ళు త్వరగా ఆడించు' అని కేకలు వేసే వ్యాయామోపాధ్యాయులు గమనించదగిన విషయమిది.

ఇక గాలి సంగతి. గాలి ఎదురుతోపు సాపేక్ష వేగపు వర్గాన్నిబట్టి ఉంటుంది. సెకండుకు 12 మీటర్లు పరుగెత్తేవానికి నిశ్చలమైన గాలిలో ఆ అంకె 144. వెనుకనుండి 2 మీటర్ల గాలి వీస్తే సాపేక్ష వేగం 10, వర్గం 100. అదే గాలి ఎదురైతే 14, వర్గం 196. ఒక దిక్కున తోపు మూడోవంతు దాకా తగ్గింది. రెండవ దిక్కున అంతకన్న ఎక్కువ పెరిగింది. 100 మీటర్ల మామూలు పరుగులో 2 మీటర్ల వెనుక గాలి సుమారు పదోవంతు సెకండు కలిసివచ్చేలా చేస్తుంది.

జ్యోతి పరుగుకు ఇదే లెక్కను ఉజ్జాయింపుగా అన్వయిస్తే, గాలి ఇచ్చిన మొత్తం లాభం పదోవంతు సెకండుకు అటూ ఇటూ. ఆమె పాత రికార్డును దాటినది 0.29 సెకండుతో. గాలి లేకున్నా రికార్డు బద్దలయ్యేదనే లెక్క చెబుతుంది. కాని నిబంధన లెక్క వేయదు, గీత గీస్తుంది. అది అన్యాయంగా తోచవచ్చు. అయితే గాలిని కొలిచే యంత్రం ఒక్కటే. గమ్యానికి 50 మీటర్ల దూరంలో, 1.22 మీటర్ల ఎత్తున నిలిపి, హర్డిల్స్‌లో 13 సెకండ్లపాటు కొలిచి సగటు తీస్తారు. బాట పొడవునా గాలి ఒకే తీరుగా వీచదు కనుక, ఆ ఒక్క అంకెను పట్టుకొని కాలాన్ని సవరించబోతే తగవులు పెరుగుతాయేగాని తరగవు. పైగా కొలతను ఎప్పుడూ పై పదోవంతుకే సరిచేస్తారు: 2.03 వస్తే 2.1 అని వ్రాయవలసిందే.

మరుసటి నెల, మే 2022లో, సైప్రస్‌లోని లిమసోల్‌లో జ్యోతి 13.23 సెకండ్లలో పరుగు ముగించింది. ఈసారి గాలి హద్దులోనే ఉన్నది. పాత రికార్డు తొలగిపోయింది. 2023 జులైలో బాంకాక్‌లో జరిగిన ఆసియా పోటీలలో ఆమె బంగారు పతకం గెలిచింది. అక్కడ పట్టిన కాలం 13.09 సెకండ్లు.