లూథరన్ కళాశాలలో శుక్రవారం సాయంత్రం

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో అలెన్‌టౌన్ అనే పట్టణమున్నది. అక్కడి మ్యూలెన్‌బర్గ్ కళాశాల పేరు మన గుంటూరు ప్రాంతపు లూథరన్ సంఘస్థులలో కొందరు వినే ఉంటారు. హెన్రీ మెల్కియోర్ మ్యూలెన్‌బర్గ్ 1742లో జర్మనీ నుండి అమెరికా చేరి, చెదరి ఉన్న లూథరన్లను సంఘాలుగా కూర్చిన పాదిరిగారు. 1748లో ఆయన స్థాపించిన పెన్సిల్వేనియా సినడే తరువాతి కాలంలో ఫాదర్ హయ్యర్‌గారిని మన దేశానికి పంపింది. హయ్యర్‌గారు గుంటూరులో కాలు పెట్టినది 1842 జూలై 31న. ఇద్దరి రాకకు మధ్య నూరేండ్ల ఎడమున్నది.

1848లో ఒక పాఠశాలగా మొదలైన ఆ విద్యాలయానికి 1867లో ఆ పాదిరిగారి పేరు పెట్టారు. ఈనాటికీ అది లూథరన్ సంఘంతో సంబంధమున్న కళాశాలే. ఆవరణలో రాతితో కట్టిన పెద్ద ఆరాధనాలయమున్నది. అయితే అక్కడ చదివే పిల్లలలో యూదులు చాలామంది ఉండడం వింటే మన చదువరులకు వింతగా తోచవచ్చు. పాదిరిగారి పేరు పెట్టుకున్న చోట యూదు బిడ్డ తన విశ్వాసమును ఎలా కాపాడుకొంటున్నదో తెలుసుకొనదగినదని మాకు తోచింది.

ఇటువంటి చిన్న కళాశాలలను అక్కడ లిబరల్ ఆర్ట్స్ కళాశాలలంటారు. వైద్యము, ఇంజనీరింగు వంటి ఒక్క వృత్తికే కాక సాహిత్యము, చరిత్ర, విజ్ఞానము, సంగీతము కలిపి చదివిస్తారు. విద్యార్థులు రెండు వేలకు అటూ ఇటూగా ఉంటారు. ఉపాధ్యాయులకు పిల్లలు పేరు పేరునా తెలుసు. అధికభాగము హాస్టలులోనే ఉంటారు గనుక విశ్వాసమునకు మొదటి పరీక్ష మెస్సులోనే వస్తుంది.

నిర్గమకాండము 23వ అధ్యాయములో మేకపిల్లను దాని తల్లిపాలతో వండకూడదన్న ఆజ్ఞను మనము చదివి దాటిపోతాము. నిష్ఠగల యూదుడు దానినిబట్టి మాంసమును, పాలతో చేసిన వాటిని ఒకే భోజనములో కలుపడు. రెంటికీ గిన్నెలు, గరిటెలు, పళ్ళెములు వేరు. కోడియైనా వారి పద్ధతిలో కోసినదై ఉండాలి. ఆకుకూరలో పురుగు లేకుండా ఆకు ఆకూ చూడాలి. (గోంగూర బాగుచేసే మన తల్లులకు ఈ పని సంగతి చెప్పనక్కరలేదు.) ఇవన్నీ సరిచూడడానికి వంటశాలలో ఒక పర్యవేక్షకుడు ఉంటాడు. ఇన్ని నియమాలను వందలమంది తినే మెస్సులో ఒక్కడు పాటించలేడు. మ్యూలెన్‌బర్గ్ వారు తమ భోజనశాలలోనే ‘నోషెరీ’ అనే పేరుతో యూదుల వంటకు వేరు విభాగము ఏర్పరచి, మాంసమునకు ఒకచోటు, పాల వంటకాలకు మరొకచోటు కేటాయించారు. దీనిలో ప్రేమ ఒక్కటే ఉన్నదని మేము చెప్పము. అమెరికాలో చిన్న కళాశాలలు ఫీజులమీదే బ్రతుకుతాయి, పిల్లల కోసం పోటీ పడతాయి. కారణము ఏదైనా, యూదు బిడ్డ స్నేహితులతో ఒకే బల్లయొద్ద కూర్చుని తినగలుగుతున్నది.

విశ్రాంతి దినము సంగతి ఇంకొక రకము. అది శుక్రవారము సూర్యుడు అస్తమించగానే మొదలవుతుంది. డిసెంబరులో పెన్సిల్వేనియాలో సాయంత్రము అయిదుకు ముందే ప్రొద్దు గ్రుంకుతుంది. నిష్ఠగలవారు అప్పటినుండి శనివారము చీకటి పడేవరకు కలము పట్టరు, దీపము స్విచ్చి వేయరు, ఫోను ముట్టరు. మిగిలిన విద్యార్థులకు శుక్రవారము రాత్రి ఆటలు, నాటకాలు, సంగీత సభలు. వెళ్ళాలా మానాలా అన్నది పద్దెనిమిదేండ్ల పిల్ల తానే తేల్చుకోవాలి. ఇంటివద్దనైతే తల్లి క్రొవ్వొత్తులు వెలిగిస్తుంది, తండ్రి ద్రాక్షారసము మీద స్తుతి చెప్తాడు. హాస్టలులో ఆ తల్లీ తండ్రీ పని పిల్లలే చేసుకోవాలి.

వారి సామూహిక ప్రార్థనలో కొన్ని భాగములకు పదిమంది పెద్దలు ఉండి తీరాలి. నిష్ఠాపరులు పురుషులనే లెక్కిస్తారు, ఇతర శాఖలవారు స్త్రీలనూ లెక్కిస్తారు. పెద్ద విశ్వవిద్యాలయములో పదిమంది దొరకడం కష్టము కాదు. యూదు పిల్లలు ఇరవై ముప్పైమందే ఉన్న కళాశాలలో, రేపు పరీక్ష అనగా, పదవవాని కోసం గది గదికీ వెళ్ళి తలుపు తట్టాలి. అందుకే అటువంటి చోట్ల భక్తి అంతగా లేనివాని రాకకు కూడా ఎంతో విలువ.

ఈ పిల్లలను కూర్చడానికి 1923లో ఇలినాయి విశ్వవిద్యాలయమువద్ద బెంజమిన్ ఫ్రాంకెల్ అనే రబ్బీ హిల్లెల్ అనే సంస్థను ఆరంభించాడు. హిల్లెల్ మన ప్రభువు కాలమునకు కొంచెము ముందువాడైన గొప్ప బోధకుడు. పౌలు ఎవరి పాదములయొద్ద ధర్మశాస్త్రము నేర్చుకొన్నాడో ఆ గమలీయేలు ఇతని మనుమడని పరంపర చెబుతుంది. ఆ సంస్థ నేడు మ్యూలెన్‌బర్గుతో సహా అనేక కళాశాలలలో ఉన్నది.

అయితే లూథరన్ కళాశాల అనగానే లూథరుగారి మాట రాక తప్పదు. 1523లో యూదులను దయగా చూడాలని వ్రాసిన ఆయనే, 1543లో వారి సమాజమందిరములను కాల్చివేయాలని, గ్రంథములను లాగుకొనాలని వ్రాశాడు. నాజీలు ఆ వ్రాతలను వాడుకొన్నారు. 1989లో ఈ కళాశాలలో యూదు క్రైస్తవ అవగాహన కోసం ఒక కేంద్రము ఏర్పడింది. 1994లో అమెరికా ఎవాంజెలికల్ లూథరన్ సంఘము ఆ వ్రాతలను బాహాటముగా త్రోసిపుచ్చింది. దానికి నాలుగు వందల యాభై ఏండ్లు పట్టింది. విద్యావంతులూ వెనుకబడే ఉన్నారు. 1922లో హార్వర్డ్ అధ్యక్షుడు లోవెల్ యూదు విద్యార్థుల సంఖ్యకు హద్దు పెట్టాలని ప్రతిపాదించాడు.

ఇప్పటి కష్టము వేరు. ఇశ్రాయేలు దేశము విషయములో యూదు విద్యార్థులలోనే ఏకాభిప్రాయము లేదు. క్వేకరులు స్థాపించిన స్వార్త్‌మోర్ అనే చిన్న కళాశాలలో, ఏ వక్తలను పిలవవచ్చునన్న వివాదముతో అక్కడి యూదు విద్యార్థి బృందము 2015లో హిల్లెల్ పేరునే వదలి ‘కెహిలా’, అనగా సమాజము, అని పేరు పెట్టుకొన్నది. 2023 అక్టోబరు 7 తరువాత అనేక కళాశాలలలో ఆ చీలిక మరింత లోతైంది. పెద్దచోట ఎదుటివానిని తప్పించుకొని తిరగవచ్చు. చిన్న కళాశాలలో ఉదయము వాదించినవాడే మధ్యాహ్నము భోజనపు వరుసలో మన వెనుక నిలుస్తాడు.

పండుగలు సెలవులు చూసుకొని రావు. ప్రాయశ్చిత్త దినపు ఉపవాసము సెప్టెంబరు, అక్టోబరులలో, పాఠములు ముమ్మరముగా జరిగే రోజులలో వస్తుంది. పర్ణశాలల పండుగకు పచ్చికమీద పందిరి వేసి, ఆకుల సందులనుండి నక్షత్రాలు కనబడేలా కప్పుతారు. పస్కాకు ఇంటికి వెళ్ళలేనివారు కళాశాలలోనే పులియని రొట్టెలతో బల్ల సిద్ధపరచి, అన్యులైన స్నేహితులనూ పిలుస్తారు. ఆ రాత్రి బల్లయొద్ద అందరికంటె చిన్నవాడు, ఐగుప్తు విడిచిన సంగతిని గురించి పెద్దలను ప్రశ్నలు అడగడం ఆచారము. ఇంటివద్ద అది అయిదారేండ్ల బిడ్డ పని. హాస్టలులో మొదటి సంవత్సరపు విద్యార్థి లేచి అడుగుతాడు.